లేజర్ తర్వాత స్టెరాయిడ్ చుక్కలు: కంట్లో ఎంత లోతుకు వెళ్తాయి, ఎంత లోతుకు వెళ్లాలి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చెన్నైలో రెండు కళ్లకూ కళ్లద్దాలు తీసేసే లేజర్ ఆపరేషన్, పీఆర్‌కే రకం, చేయించుకుని 12 రోజులైంది, ఇప్పుడు చిత్తూరులో అమ్మానాన్నల దగ్గర ఉన్నారు. వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు మెల్లగా తగ్గించుకుంటూ 3 నెలలు వేయమన్నారు. మీ స్నేహితుడు లేసిక్ అనే ఇంకో రకం లేజర్ చేయించుకుంటే అతనికి వారం రోజులే రాశారు. చుక్క వేసిన కాసేపటికి గొంతులో చేదు తగులుతోంది కాబట్టి మందంతా బయటికే పోతోందేమో, రెండేసి చుక్కలు వేయాలేమో అని మీ అనుమానం. ఊళ్లో మందుల షాపులో రాసిన మందు దొరక్కపోతే "ఇదీ ప్రెడ్నిసొలోనే" అని ఇంకో సీసా చేతిలో పెట్టారు. చివరగా, లోపలికి బాగా దిగే గట్టి మందు ఏదైనా ఉంటే చెప్పమన్నారు. తిరుమలలో తలనీలాల మొక్కు గురించి కూడా అడిగారు.

నేను డాక్టర్ని కాదు. ఫార్మసీలో పీజీ చేసి, తిరుపతిలో ఒక కంటి ఆసుపత్రి మందుల కౌంటర్లో 11 ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు ఫార్మసీ విద్యార్థులకు కంటి చుక్కల తయారీ, అవి కంట్లోకి ఎలా వెళ్తాయన్న పాఠం చెప్తున్నాను. కాబట్టి మందు ఎలా నడుస్తుందో చెప్పగలను. మీ కంటికి ఏ మందు, ఎన్ని రోజులన్నది మీకు ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి.

మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. లోపలికి ఎంత బాగా దిగితే అంత మంచి మందు అని మనం అనుకుంటాం. లేజర్ చేయించుకున్న కంటి విషయంలో ఇది నిజం కాదు. మీకు మందు కావాల్సిన చోటు కంటి పైభాగంలోనే, వెంట్రుక మందమంత లోతులో ఉంది. అంతకన్నా లోపలికి వెళ్లే స్టెరాయిడ్ మీకు మేలు చేయదు, కంటి ప్రెషర్ పెంచే అవకాశం మాత్రం తెస్తుంది.

ముందు కార్నియా సంగతి. నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పొర అది. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ, సుమారు 540 మైక్రాన్లు. అందులో పైన ఉండే చర్మం లాంటి పొర, ఎపిథీలియం, 50 మైక్రాన్లే. ఐదు నుంచి ఏడు వరసల కణాలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. అన్నిటికన్నా పై వరసలోని కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. ఈ పొరకు కొవ్వు గుణం ఎక్కువ, అందుకే నీటిలో కరిగే మందులు దీని మీద తామరాకు మీద నీటిబొట్టులా నిలిచి జారిపోతాయి. దాని కింద ఉన్న స్ట్రోమా తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. కార్నియా మందంలో 90 శాతం అదే, అందులో నాలుగింట మూడొంతులకు పైగా నీరే. కొవ్వు గుణం ఉన్న మందు అక్కడ సులువుగా నడవలేదు. కాబట్టి లోపలికి వెళ్లాలనుకునే మందుకు మొదట నూనె గుణం, తర్వాత నీటి గుణం, రెండూ కావాలి.

ప్రెడ్నిసొలోన్ అసిటేట్ అనే స్టెరాయిడ్ ఈ పని చక్కగా చేస్తుంది. అసిటేట్ ముక్క తగిలించడం వల్ల అది కొవ్వులో కలిసే రూపంలో ఉండి పైపొర దాటుతుంది. దాటేటప్పుడు కార్నియాలోని ఎంజైములు ఆ అసిటేట్ ముక్కను తెంపేస్తాయి. మిగిలిన ప్రెడ్నిసొలోన్ నీటి పొరలో నడిచి, లోపలి ఒంటివరస కణాలను దాటి, కంటి ముందు గదిలోని నీటిలోకి చేరుతుంది. నీటిలో కరగదు కాబట్టే దాన్ని సన్నటి పొడి కలిపిన తెల్లటి ద్రవంగా అమ్ముతారు. సీసా మీద "బాగా ఊపి వాడండి" అని రాసేది అందుకే. ఊపకుండా వేస్తే మొదటి రోజుల్లో పలచటి నీళ్లు పడతాయి, చివర్లో అడుగున పేరుకున్న మందంతా ఒక్కసారిగా పడుతుంది. ఆసుపత్రిలో పనిచేసినప్పుడు, మందు పనిచేయడం లేదని వచ్చిన వాళ్లలో చాలామంది చెప్పిన విషయం ఒక్కటే: సీసా ఎప్పుడూ ఊపలేదు.

ఇక షాపులో ఇచ్చిన రెండో సీసా. లేబుల్ జాగ్రత్తగా చదవండి. 'ప్రెడ్నిసొలోన్ సోడియం ఫాస్ఫేట్' అని ఉంటే అది తేటగా నీళ్లలా ఉంటుంది, ఊపాల్సిన పని ఉండదు. పేరులో ప్రెడ్నిసొలోన్ ఉంది కాబట్టి రెండూ ఒకటే అని షాపతను అనుకుని ఉండొచ్చు, చెడు ఉద్దేశమేమీ కాదు. కానీ ఫాస్ఫేట్ రూపానికి నీటి గుణం ఎక్కువ. పైపొర బాగా ఉన్న కంట్లోకి అది తక్కువగా వెళ్తుంది. పైపొర లేని కంట్లోకి తేలిగ్గా వెళ్తుంది. 1970ల్లో లైబోవిట్జ్, కుప్ఫర్‌మన్ అనే ఇద్దరు కుందేళ్ల కార్నియాల మీద ఈ విషయమే పరీక్షించారు. పైపొర తీసేసిన కంట్లోకి ఫాస్ఫేట్ రకం ఎక్కువ మోతాదులో చేరింది. అయినా వాపు తగ్గించడంలో మాత్రం అసిటేట్ రకం దానికన్నా వెనకబడలేదు. నా విద్యార్థులకు నేను ఈ ఫలితం తప్పకుండా చెప్తాను. లోపలికి ఎంత మందు చేరిందన్నది ఒక లెక్క, అది ఎంత పని చేసిందన్నది వేరే లెక్క.

ఇప్పుడు మీకూ మీ స్నేహితుడికీ తేడా ఎందుకొచ్చిందో చూద్దాం.

లేసిక్‌లో కార్నియా పైన సుమారు 100 నుంచి 120 మైక్రాన్ల మందంలో ఒక పలచటి మూత కోస్తారు, ఫ్లాప్ అంటారు. దాన్ని పుస్తకంలో పేజీలా పక్కకు తిప్పి, కింద లేజర్ కొట్టి, మళ్లీ యథాస్థానంలో పరుస్తారు. పైపొర దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుంది, ఫ్లాప్ అంచు చుట్టూ మాత్రమే గీటు పడుతుంది. ఆ అంచు కూడా ఒకటి రెండు రోజుల్లో పూడుతుంది. అతనికి స్టెరాయిడ్ కావాల్సింది ఫ్లాప్ కిందకు వాపు కణాలు చేరకుండా, అదీ మొదటి వారమే. మూసి ఉన్న పైపొర గుండా దిగే మందు ఇచ్చి, వారంలో ఆపేస్తారు. స్మైల్ అనే ఇంకో లేజర్ పద్ధతిలో అయితే ఫ్లాప్ కూడా ఉండదు, చిన్న గాటు మాత్రమే.

మీకు చేసిన పీఆర్‌కేలో ఫ్లాప్ లేదు. పైపొరను మధ్యలో పూర్తిగా తీసేసి, కింది భాగాన్ని లేజర్‌తో చెక్కారు. పైపొర మళ్లీ పెరిగే వరకు, అంటే సుమారు 3 నుంచి 5 రోజులు, బ్యాండేజ్ లెన్స్ పెట్టారు. ఆ రోజుల్లో మీ కంటికి తలుపే లేదు. ఏ మందు వేసినా నేరుగా స్ట్రోమాలోకి పోతుంది. మెత్తటి లెన్స్ దానికి అడ్డు కాదు, అది కాస్త మందు పీల్చుకుని మెల్లగా వదులుతుంది. లెన్స్ తీసేసిన రోజు నుంచి మీ తలుపు మళ్లీ మూసుకుంది. ఇప్పుడు 12వ రోజు కాబట్టి, లోపలికి దిగడం విషయంలో మీ కన్ను మామూలు కంటికి చాలా దగ్గరగా ఉంది. ఫాస్ఫేట్ రకం సీసా మీకు ఇప్పుడు సరిపోయే మందు కాకపోవచ్చని నేను అనేది ఇందుకే. తలుపు తెరిచి ఉన్న రోజుల్లో అయితే సంగతి వేరుగా ఉండేది.

మరి తలుపు మూసుకుంటే గాయం మానినట్టే కదా, ఇంకా 3 నెలలు ఎందుకు? ఇది మంచి ప్రశ్న. మీ కంటిని చెక్కిన ఎక్సైమర్ లేజర్ చాలా శుభ్రంగా కోస్తుంది. 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి అది, పక్క కణజాలాన్ని కాల్చకుండా మైక్రాన్ల లెక్కన చెక్కుతుంది. ఈ గుణాన్ని 1981లో అమెరికాలోని ఐబీఎం ప్రయోగశాలలో కనిపెట్టిన వారిలో ఒకరు రంగస్వామి శ్రీనివాసన్, మద్రాసు విశ్వవిద్యాలయంలో చదువుకున్నాయన. 2013లో ఆయన, ఆయన సహచరులు అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా జాతీయ పతకం అందుకున్నారు. మన పక్క ఊరాయన పని వల్ల ఇన్ని లక్షల మంది కళ్లద్దాలు పక్కన పెట్టారని తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. అంత శుభ్రంగా కోసినా పైపొర పోయిందన్న కబురు మాత్రం కింది కణాలకు చేరిపోతుంది. అప్పటిదాకా నిద్రపోతున్నట్టు ఉండే ఆ కణాలు మేల్కొని, గాయం పూడ్చాలన్న తొందరలో అడ్డదిడ్డంగా పీచు అల్లుతాయి. పారదర్శకంగా ఉండాల్సిన చోట పలచటి పొగమంచు లాంటి మసక వస్తుంది, దాన్నే హేజ్ అంటారు. ఇది మొదటి వారంలో కాదు, 1 నుంచి 3 నెలల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. పవర్ ఎక్కువగా ఉండి లోతుగా చెక్కాల్సి వస్తే ప్రమాదం ఎక్కువ, అందుకే అలాంటివాళ్లకు ఆపరేషన్ బల్ల మీదే కణాలు పెరగకుండా ఆపే మైటోమైసిన్ అనే మందును 0.02 శాతం బలంలో కాసేపు ఆనించి కడిగేస్తారు. ఆ కణాలను సద్దుమణిగించి ఉంచడానికే మీకు నెలల తరబడి స్టెరాయిడ్. ఎండ కూడా ఆ కణాలను రెచ్చగొడుతుంది కాబట్టి, మన చిత్తూరు ఎండలో నల్ల కళ్లద్దాలు లేకుండా బయటికి వెళ్లకండి.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆ కణాలు ఉన్న చోటు ఎక్కడ? పైపొర కిందనే, 50 నుంచి 100 మైక్రాన్ల లోతులో. కంటి లోపలి గదిలో కాదు. అందుకే చాలామంది డాక్టర్లు మొదటి కొన్ని రోజులో వారాలో అయ్యాక గట్టి మందు నుంచి ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ అనే స్టెరాయిడ్లలో ఒకదానికి మారుస్తారు. ఫ్లోరోమెథలోన్ కార్నియాలో పనిచేస్తుంది కానీ లోపలికి వెళ్లేటప్పటికి చాలావరకు విరిగిపోతుంది. లోటెప్రెడ్నాల్‌ను రసాయన శాస్త్రవేత్తలు కావాలనే అలా తయారుచేశారు. చేయాల్సిన చోట పని చేసి, ఆ తర్వాత ఎంజైములకు దొరికి ఉత్త పదార్థంగా మారిపోవాలన్నది వాళ్ల ఉద్దేశం. డైఫ్లుప్రెడ్నేట్ అనే ఇంకో స్టెరాయిడ్ ఉంది, చాలా బలమైనది, లోపలికి చాలా బాగా దిగుతుంది, పాలలాంటి ద్రవం కాబట్టి ఊపాల్సిన పని కూడా లేదు. కంటి లోపల తీవ్రమైన వాపు ఉన్నవాళ్లకు అది ఎంతో ఉపయోగం. మీరు అడిగిన "గట్టి మందు" అదే అవుతుంది, అందుకే మీ అంతట మీరు దాన్ని కొనుక్కోవద్దని గట్టిగా చెప్తున్నాను.

కారణం కంటి ప్రెషర్. కంటి ముందు గదిలో నీరు ఎప్పుడూ ఊరుతూ, ఎప్పుడూ బయటికి పోతూ ఉంటుంది. నిమిషానికి రెండు మైక్రోలీటర్లకు పైగా. గది మూలలో జల్లెడ లాంటి దారి గుండా అది బయటపడుతుంది. మన చెరువులకు తూము ఉన్నట్టు అనుకోండి. లోపలికి దిగిన స్టెరాయిడ్ ఆ నీటితో కలిసి ఆ తూము గుండానే బయటికి పోతుంది. పోతూ పోతూ అక్కడి కణాల మీద పనిచేసి, దారిలో ఒండ్రు పేరుకున్నట్టు చేస్తుంది. ఊరే నీరు తగ్గదు, పోయే నీరు తగ్గుతుంది, ప్రెషర్ పెరుగుతుంది. అందరికీ ఇలా జరగదు. 1960ల్లో జరిగిన పరిశోధనల్లో, కొన్ని వారాల పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ చుక్కలు వేసినప్పుడు మూడోవంతు మందికి ఓ మోస్తరుగా, 5 లేదా 6 శాతం మందికి బాగా ఎక్కువగా ప్రెషర్ పెరిగింది. ఇంట్లో ఎవరికైనా గ్లకోమా, అంటే నీటికాసులు ఉన్నా, షుగర్ ఉన్నా, మైనస్ పవర్ బాగా ఎక్కువగా ఉన్నా ప్రమాదం ఎక్కువ. లేజర్ కోసం వచ్చేవాళ్లలో మైనస్ పవర్ వాళ్లే ఎక్కువ కదా! సాధారణంగా ఇది రెండు మూడు వారాల తర్వాత మొదలవుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు బాగానే ఉంటుంది. కొలిస్తే తప్ప తెలియదు.

కొలిచినా ఒక్కోసారి తెలియదు, ఇది ఇంకా ముఖ్యమైన విషయం. కంటి ప్రెషర్ కొలిచే పద్ధతి కార్నియాను కొద్దిగా నొక్కి, ఎంత బలానికి చదునైందో చూస్తుంది. ఆ లెక్క సుమారు 520 మైక్రాన్ల మందం ఉన్న కార్నియాకు సరిపోయేలా కట్టింది. లేజర్ మీ కార్నియాను పలచన చేసింది. పలచటి కార్నియా తేలిగ్గా నొక్కుకుంటుంది కాబట్టి, లోపల నిజంగా ఉన్న ప్రెషర్ కన్నా తక్కువ అంకె వస్తుంది. మామూలుగా 10 నుంచి 21 (పాదరసం మిల్లీమీటర్ల లెక్కలో) మధ్య ఉంటే సరే అంటారు. కానీ ఆపరేషన్ ముందు 13 ఉన్న కంట్లో ఇప్పుడు 18 వస్తే, అంకె 21 లోపే కదా అని ఊరుకోకూడదు.

మా మేనకోడలి సంగతి చెప్తాను. వేరే నగరంలో లేసిక్ చేయించుకుంది. వారం రోజుల స్టెరాయిడ్ అయిపోయింది, అంతా బాగుంది. నెల తర్వాత కళ్లు పొడిబారి దురద మొదలైతే, పాత చీటీ చూపించి అదే చుక్కలు కొనుక్కుంది. వేసిన గంటకే హాయిగా ఉండేది, అందుకే రెండున్నర నెలలు వాడుతూనే ఉంది. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది. మధ్యలో ఒకచోట చూపించుకుంటే ప్రెషర్ 19, నార్మల్ అన్నారు. లేజర్ చేయించుకున్న సంగతి తను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు సంచిలో ఆ సీసా చూసి నేను అడిగాను. పాత ఫైల్ తెప్పించి చూస్తే ఆపరేషన్‌కి ముందు ప్రెషర్ 12. మర్నాడే తీసుకెళ్లాను. డాక్టరు గారు స్టెరాయిడ్ ఆపి, ప్రెషర్ తగ్గించే చుక్కలు రాశారు. మూడు వారాల్లో మామూలుకొచ్చింది, కంటి నరం దెబ్బతినలేదు. ఇంకో ఆరు నెలలు అలాగే వాడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం కూడా నాకు ఇష్టం లేదు. నరం ఒకసారి పోతే తిరిగి రాదు.

లేసిక్ అయిన మీ స్నేహితుడికి ఇంకో సంగతి చెప్పండి. ఫ్లాప్ కింద మొదటి రోజుల్లో ఇసుక చల్లినట్టు తెల్లటి వాపు కణాలు చేరడం ఒక సమస్య, దానికి స్టెరాయిడ్ పెంచుతారు, ఒక్కోసారి గంటకో చుక్క. అచ్చం అలాగే కనిపించే ఇంకో సమస్య ఉంది. స్టెరాయిడ్ వల్ల ప్రెషర్ పెరిగి, నీరు ఫ్లాప్ కింద సందులోకి చేరడం. ఇది సాధారణంగా రెండో వారం దాటాక వస్తుంది. దీనికి స్టెరాయిడ్ ఆపాలి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, వైద్యం మాత్రం పూర్తిగా తలకిందులు. పైగా ఫ్లాప్ కింద చేరిన నీటి మెత్తదనం వల్ల మధ్యలో కొలిస్తే ప్రెషర్ తక్కువగా చూపిస్తుంది. చూపు మసకబారితే సొంతంగా చుక్కలు పెంచడం ఎంత ప్రమాదమో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

గొంతులో చేదు గురించి. కంటి మీద మామూలుగా ఉండే కన్నీరు 7 మైక్రోలీటర్లు. రెప్పల మధ్య మహా అయితే 30 పడుతుంది. సీసా నుంచి పడే ఒక్క చుక్కే 30 నుంచి 50 ఉంటుంది. అంటే ఒక్క చుక్కే కంటికి ఎక్కువ, రెండో చుక్క చెంప మీదకే. మిగిలింది కూడా కన్నీటితో పలచబడుతూ, ముక్కు పక్క మూలలో ఉన్న సన్నటి రంధ్రాల గుండా ముక్కులోకి, అక్కడి నుంచి గొంతులోకి జారుతుంది. మీకు తగిలే చేదు అదే. ఇది అందరికీ జరుగుతుంది. నిజానికి వేసిన మందులో కంటి లోపలికి చేరేది 5 శాతం కన్నా తక్కువే, చుక్కల మోతాదు ఆ లెక్క తెలిసే నిర్ణయిస్తారు.

ఆ జారడాన్ని తగ్గించుకోవచ్చు. సీసా బాగా ఊపి, కింది రెప్పను మెల్లగా లాగి, ఒక్క చుక్క వేసి, రెండు మూడు నిమిషాలు కళ్లు మూసుకుని కదలకుండా ఉండండి. టపటపా కొట్టుకోకండి, ప్రతి రెప్పపాటూ మందును ముక్కు వైపు తోస్తుంది. మీ డాక్టర్ సరేనంటే, ముక్కు పక్క మూలలో ఎముక మీద వేలితో మెల్లగా అదిమి పట్టుకోవచ్చు, గుడ్డు మీద మాత్రం వేలు పడకూడదు. ఫ్లాప్ ఉన్న మీ స్నేహితుడు అదమడం మానేసి కళ్లు మూసుకుంటే చాలు. ఒక చుక్కకూ ఇంకో రకం చుక్కకూ మధ్య కనీసం 5 నిమిషాలు ఉండాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. పొడిబారకుండా వేసే జెల్ లాంటివి అన్నిటికన్నా చివర వేయండి.

సీసాను బండి డిక్కీలో, కారు అద్దం దగ్గర పెట్టకండి. మన దగ్గర వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అలాగని ఫ్రీజర్లో కూడా పెట్టకండి, పొడి గడ్డలు కడుతుంది. తెరిచిన నెలకు పారేయండి.

బాగా అనిపించిందని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, ఆగిన వాపు మళ్లీ లేస్తుంది, మసక ముదురుతుంది. ప్రెషర్ గురించి ఇంత చెప్పాక భయపడి ఆపేస్తారేమో అని ప్రత్యేకంగా రాస్తున్నాను. తగ్గించే పద్ధతి మీ చీటీలో ఉన్నట్టే నడవాలి. నాలుగో వారానికి ప్రెషర్ చూపించుకోండి, చెన్నై వెళ్లలేకపోతే తిరుపతిలోనో వెల్లూరులోనో చూపించుకోండి. కానీ ఆపరేషన్‌కి ముందు ప్రెషర్ ఎంత, కార్నియా మందం ఎంత, ఇప్పుడెంత మిగిలింది అన్న కాగితం వెంట తీసుకెళ్లండి. ఆ కాగితాన్ని ఇంటి పత్రాలతో పాటు దాచండి. రేపు 60 ఏళ్ల వయసులో శుక్లాల ఆపరేషన్‌కి లెన్స్ పవర్ లెక్క కట్టేటప్పుడు కూడా అదే అవసరమవుతుంది.

మీ నాన్నగారికి మామిడి తోట ఉందన్నారు. స్టెరాయిడ్ వాడుతున్నన్నాళ్లు తోట పనికి దూరంగా ఉండండి. ఆకు గీసుకున్నా, కొమ్మ కొట్టుకున్నా, దుమ్ము పడినా కార్నియాకు ఫంగస్ పట్టే ప్రమాదం మన వ్యవసాయ ప్రాంతాల్లో చాలా ఎక్కువ. మామూలు రోజుల్లో ఒళ్లు దానితో పోరాడుతుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణిచేస్తుంది, పైకి ఎరుపు కూడా తగ్గి బాగైనట్టే అనిపిస్తుంది, లోపల పుండు పెరుగుతూ ఉంటుంది. ఏదైనా పడి నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నందివర్ధనం పూల రసమో, ఆముదమో వేస్తామని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతో అంటారు, వద్దని చెప్పండి. పైపొర ఇప్పుడిప్పుడే అతుక్కుంటున్న కన్ను అది.

ఆ రెండో సీసా ఇంకా తెరవకపోతే తెరవకండి. లేబుల్ ఫొటో తీసి చెన్నై ఆసుపత్రికి పంపించి, ఇది వాడొచ్చా అని అడగండి. ఈలోగా రాసిన మందు చిత్తూరులో దొరక్కపోతే తిరుపతిలో కంటి ఆసుపత్రుల దగ్గరున్న షాపుల్లో ఆరా తీయండి, ఒక్క పూట బస్సు ప్రయాణం. చుక్కలు పూర్తిగా అయిపోయే దాకా చూడకుండా, సీసా పావు వంతు ఉండగానే ఇంకోటి తెచ్చిపెట్టుకోండి.

మొక్కు సంగతి. తలనీలాలు ఇచ్చేటప్పుడు తల మీద పోసే నీళ్లు, తెగిన వెంట్రుకలతో కలిసి నుదుటి మీదుగా కళ్లలోకే కారతాయి. కళ్లు ఎంత గట్టిగా మూసుకున్నా కొంత చేరుతుంది, తర్వాత చేయి తెలియకుండానే కన్ను నలుపుతుంది. పుష్కరిణి స్నానం అయితే కనీసం నెల దాటాక, డాక్టర్ సరేనన్నాకే. నిలవ నీటిలో ఉండే సూక్ష్మజీవులు కార్నియాకు చాలా చెడ్డవి. ఇప్పుడే వెళ్లాలని అమ్మ పట్టుబడితే దర్శనం చేసుకుని రండి, నల్లద్దాలు పెట్టుకుని, అలిపిరి మెట్లు కాకుండా బస్సులో. ఎక్కేటప్పుడు కారే చెమట కూడా కళ్లలోకే వస్తుంది. తలనీలాలు చుక్కలు అయిపోయాక ఇద్దురు గాని. అప్పటికి మీకు చూపు కూడా పూర్తిగా నిలబడి ఉంటుంది, స్వామిని అద్దాలు లేని కళ్లతో తేటగా చూడొచ్చు.